చుక్కెడు నీళ్ళు, ఏడు బారల లోతు

పదకొండు రోజులైంది. ఆ చుక్క ఎక్కణ్నుంచి వచ్చిందో నిన్నటిదాకా తేలలేదు.

పెద్ద చుక్క కూడా కాదు. చెవిలో వేసుకునే మందు సీసా నొక్కితే పడేంత. ప్లాస్టిక్ డబ్బా అడుగున, బ్యాటరీకీ మెమరీ కార్డుకీ నడుమ, ఎవరో పిలిచి పీట వేసినట్టు కూర్చుని ఉంది. ఋషికొండ దగ్గర సముద్రంలో 34 నిమిషాలు మునిగి వచ్చిన డబ్బా అది. దాన్ని సొంత చేతులతో తయారుచేసి, సొంత చేతులతో మూత బిగించి, సొంత చేతులతో తెరిచినవాడు ఈ వ్యాసకర్తే. అయినా ఇకనుంచి అతన్ని 'వ్యాసకర్త' అనే పిలుచుకుందాం. పరువు కాస్త దూరంగా ఉంటుంది.

వ్యాసకర్త పడవలోనే ఆ చుక్కని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. అంటే సముద్రం లోపలికొచ్చింది, డబ్బా కారింది, ఆర్నెల్ల తపస్సు గంగలో కలిసింది. దిగాలుగా ఇంటికొచ్చి ఆవిడతో చెప్పాడు. ఆవిడ చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ అంతా విని, "సముద్రంలో ముంచి తీసిన వేలు ఉప్పగా కాక తియ్యగా ఉంటుందా అండీ?" అంది.

పరిశోధన మళ్ళీ మొదటికొచ్చింది.

డైవింగు నేర్పే కుర్రాడు ఓదార్చాడు. "లీకు కాదు సార్, లోపలి గాలిలో తేమ ఉంటుంది కదా, కింద చల్లబడి చుక్క కట్టుంటుంది." వినడానికి ఎంత హాయిగా ఉందో! వ్యాసకర్త ఆ రాత్రి నిద్రపోయేవాడే, లెక్క వేయకుండా ఉండుంటే. విశాఖ గాలిని 30 డిగ్రీల వేడి, నూటికి 80 పాళ్ళ తేమ అనుకుంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. డబ్బాలో పట్టే గాలి 300 మిల్లీలీటర్లు. అందులోని ఆవిరినంతా గుడ్డ పిండినట్టు పిండినా రాలేది 7 మిల్లీగ్రాములు. ఓ మోస్తరు నీటిచుక్క బరువు 50. ఏడు డబ్బాల గాలి పిండితే ఒక్క చుక్క! ఓదార్పు కాస్తా లెక్కలో పోయింది.

ఇంతకీ ఆ డబ్బా ఏమిటంటే, నీళ్ళలో మనిషి ఎంత లోతుకి దిగాడో సెకనుకోసారి రాసిపెట్టుకునే యంత్రం. నడుముకు కట్టుకుని దిగితే, పైకొచ్చాక కంప్యూటరుకి తగిలించి గీత చూసుకోవచ్చు. ఫలానా నిమిషంలో ఫలానా లోతు. అంతకుమించి అది చేసే ఘనకార్యమేమీ లేదు. ప్రాణానికి పూచీ పడదు, గాలి ఎంత మిగిలిందో చెప్పదు. ఆ పనులకి అసలైన డైవ్ కంప్యూటరు చేతికి ఉండాల్సిందే.

ఇక్కడికొచ్చేసరికి ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న. "మరి ఆ డైవ్ కంప్యూటరే కొనుక్కోవచ్చుగా? అది కూడా లోతు రాసుకుంటుందటగా?"

స్వీటుషాపులో దొరుకుతాయిగా అని సున్నుండలు చుట్టే అత్తయ్యని ఎవరూ అడగరు. నర్సరీలో కొనుక్కోవచ్చుగా అని విత్తనం నాటేవాణ్ని ఎవరూ అడగరు. సోల్డరింగు చేసేవాణ్ని మాత్రం అడుగుతారు. డబ్బు సంగతి సరే, వ్యాసకర్త కడుపుమంట వేరే ఉంది. ఇరవై డైవులు చేశాడు. ఇరవైసార్లూ చేతికి అద్దె కంప్యూటరే. సాయంత్రం దాన్ని తిరిగి ఇచ్చేయాలి. అందులోని లోతులూ దానితోపాటే వెళ్ళిపోతాయి, మర్నాడు ఇంకెవరో దాన్ని కట్టుకుని తమ లోతులు నింపుకుంటారు. తాను నీళ్ళలో గడిపిన పద్నాలుగు గంటలు ఎవరి చేతికి వేలాడుతున్నాయో అతనికి తెలియదు. ఇంటి ఆల్బమ్ ఫోటో స్టూడియోలో వదిలేసి వచ్చినట్టుంటుంది.

సరే, యంత్రం. గుండెకాయలాంటిది ఎంఎస్5837 అనే ఒత్తిడి సెన్సరు. పెసరగింజంత ఉంటుంది. నెత్తిన మెత్తటి జెల్ పూసి ఉంటుంది, నీరు దాన్ని నొక్కితే లోపలున్న చిప్పు ఎంత నొక్కిందో చెబుతుంది. 30 బార్ల దాకా తట్టుకుంటుంది, అంటే దాదాపు 300 మీటర్ల లోతు. సన్నగా 0.2 మిల్లీబార్ల తేడా పసిగడుతుంది, అంటే నీళ్ళలో 2 మిల్లీమీటర్లు. ఇంత సున్నితమైనదానికి మూడు వోల్టుల చిల్లర సరిపోతుంది. వ్యాసకర్త మొదటిదానికి మర్యాద చేస్తున్నాననుకుని ఐదు వోల్టులు పెట్టాడు. ఆ మొదటిది ఇప్పుడు దేవుడి గూట్లో, పాత గడియారపు ముల్లు పక్కన ఉంది. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి గడియారపు చిప్పూ మెమరీ కార్డు తొట్టీ కొన్నాడు. మెదడుకి ఆర్డుయినో బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్ళో పుట్టిందది. దాని పేరు అక్కడి ఒక బారుది, ఆ బారు పేరు వెయ్యేళ్ళ కిందటి రాజుది. అంటే వ్యాసకర్త డబ్బాలో ఒక రాజూ ఒక బారూ కూడా ఉన్నాయి. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

ఒత్తిడి అనగానే పాస్కల్ గారి సంగతి రెండు ముక్కలు చెప్పుకుని ముందుకి పోదాం.

1647 నవంబరులో పారిస్‌లో కూర్చుని బ్లేజ్ పాస్కల్ ఒక ఉత్తరం రాశాడు. ఎవరికి? అక్క మొగుడికి. ఆ బావగారి పేరు ఫ్లోరిన్ పేరియే, కాపురం క్లెర్మాంలో. ఉత్తరం సారాంశం ఇదీ: బావా, మీ ఊరి పక్కన ప్వీ ద దోమ్ అని కొండ ఉంది కదా. పాదరసం నింపిన గాజుగొట్టం పట్టుకుని ఆ కొండెక్కు. పైన పాదరసం కిందకన్నా దిగితే గాలికి బరువున్నట్టు. చూసి రాయి.

తెలుగు పాఠకులు ఇక్కడ కాసేపు ఆగాలి. బావమరిది ఉత్తరం రాయడమేమిటి, బావగారు కొండెక్కడమేమిటి! మన ఇళ్ళల్లో బావగారంటే కాళ్ళు కడిగి తెచ్చుకున్న మనిషి. ఆయన్ని పెరట్లోంచి రెండు దోసకాయలు కోసుకురమ్మనడానికే అత్తగారు పూటంతా ఆలోచించి, చివరికి తనే వెళ్ళి కోసుకొస్తుంది. వడ్డనలో నెయ్యి ఓ చుక్క తగ్గిందని అలకపాన్పు ఎక్కిన అల్లుళ్ళున్న జాతి మనది. అలాంటిది 1465 మీటర్ల కొండ! పైగా చేతిలో పాదరసం, పగిలిపోయే గాజుగొట్టాలు. పోనీ స్వయంగా వచ్చి, "బావా, నువ్వు ముందు నడు, నేను గొట్టం పట్టుకుంటా" అన్నాడా అంటే అదీ లేదు. ఒంట్లో బాగుండదని పారిస్‌లోనే ఉండిపోయాడు.

పేరియే ఆ కొండెక్కింది 1648 సెప్టెంబరు 19న. ఉత్తరం రాసిన పది నెలలకి. మంచూ మబ్బులూ ఉద్యోగపు పనులూ అడ్డొచ్చాయని ఆయన రాసుకున్నాడు కానీ, పది నెలల ఆలస్యాన్ని మనం ఏమంటామో మనకి తెలుసు. దాన్ని అలక అంటాం.

అయితే ఎక్కినవాడు ఆషామాషీగా ఎక్కలేదు. పిల్లనిచ్చిన ఇంటివాళ్ళ పని కదా, ఊళ్ళో మతగురువుల్నీ పెద్దమనుషుల్నీ సాక్ష్యానికి వెంటేసుకున్నాడు. కింద మఠం తోటలో ఒక గొట్టం నిలబెట్టి, అది కదులుతుందేమో పొద్దస్తమానం చూస్తూ ఉండమని ఒక సన్యాసిని దానికి కాపలా పెట్టాడు. పైకెళ్ళాక ఒక్కసారి కొలిచి దిగిపోయాడా? లేదు. ఐదుసార్లు కొలిచాడు. చిన్న గుడిలాంటిది ఉంటే దాని లోపల ఒకసారి, ఆరుబయట ఒకసారి, గాలి కొట్టేచోట, గాలి తగలనిచోట, మంచు కమ్మినప్పుడు మళ్ళీ. ఐదుసార్లూ ఒకటే జవాబు: కిందకన్నా 3 అంగుళాల పైచిలుకు తక్కువ. దిగొచ్చి సన్యాసిగారిని అడిగితే, రోజంతా చూశాను, వెంట్రుకవాసి కదల్లేదన్నాడు. ఆ సన్యాసి గురించి వ్యాసకర్త చాలాసేపు ఆలోచించాడు. ప్రపంచంలో ఆ రోజు అతిముఖ్యమైన పని, ఏమీ జరగడం లేదని చూస్తూ కూర్చోవడం. అలాంటి ఉద్యోగాలు ఇప్పుడు కూడా ఉన్నాయి కానీ ఇంత ఫలితం రావడం లేదు.

తరవాత 1971లో ఒత్తిడి కొలమానానికి పేరు పెట్టారు. ఎవరి పేరు? కొండెక్కినవాడిదా, ఉత్తరం రాసినవాడిదా? తుపాను వచ్చినప్పుడల్లా టీవీలో హెక్టోపాస్కల్స్ అంటున్నారు, వింటున్నాం కదా. న్యాయంగా అయితే అవి హెక్టోపేరియేలు.

ఈ కథ చదివి వ్యాసకర్త పేరియే మీద జాలిపడాల్సింది పోయి హుషారెక్కాడు. కారణం, ఇతగాడి వరస వేరు. ఇతను బావ. ఇతనికొక బావమరిది ఉన్నాడు. పుణెలో ఉద్యోగం, సంక్రాంతికి అక్కగారింటికొచ్చి ఇంకా పోలేదు. చరిత్ర చేసిన అన్యాయాన్ని సరిదిద్దే అవకాశం సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటోంది.

"ఒరే, ఈ డబ్బా పట్టుకుని టెర్రస్ దాకా వెళ్ళిరా."

"లిఫ్టు పాడైంది బావా."

"తెలుసు."

ఐదంతస్తులు, 15 మీటర్లు. గాలిలో అంత ఎత్తుకి ఒత్తిడి సుమారు 1.8 మిల్లీబార్లు తగ్గాలి. తగ్గింది. కంప్యూటరులో గీత చూసి వ్యాసకర్త గంతులేశాడు. కానీ గీత మధ్యలో ఒక బల్లపరుపు ముక్క ఉంది. 9 మీటర్ల ఎత్తున 6 నిమిషాలు ఎటూ కదల్లేదు. "మూడో అంతస్తులో ఆరు నిమిషాలు ఏం చేశావురా?" అంటే వాడు మొహం ఎర్రగా చేసుకుని, అక్కడి ఆంటీగారు కాఫీ ఇచ్చారన్నాడు. ఆంటీగారికి ఎమ్మెస్సీ చదివే అమ్మాయి ఉందన్న సంగతి తరవాత తెలిసింది. పెసరగింజంత చిప్పు అబద్ధమాడదని ఆవేళ వ్యాసకర్త అందరికీ గర్వంగా చెప్పుకున్నాడు. అలా చెప్పుకుని ఉండకూడదని తరవాత అనిపించింది. ఆ సంగతి ముందుకొస్తుంది.

రెండు ముక్కలన్నది ఇంతైంది. డబ్బా దగ్గరికొద్దాం.

సముద్రంలో 10 మీటర్లు దిగితే మీద పడే ఒత్తిడి, గాలి ఒత్తిడికి ఇంకో అంత కలిపినంత. ఇంట్లో కుక్కరు విజిలేసేటప్పుడు లోపల ఉండేదీ ఇంచుమించు అంతే. అంటే 10 మీటర్ల లోతున్న మనిషీ కుక్కర్లో కందిపప్పూ ఒకే కష్టంలో ఉంటారు, పప్పు ఉడుకుతుందన్నదొక్కటే తేడా. వ్యాసకర్త ఎంచుకున్న డబ్బా మూత వ్యాసం 8 సెంటీమీటర్లు. ఆ లోతులో ఆ మూత మీద పడే బరువు 50 కిలోలు దాటుతుంది. రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకదానిమీద ఒకటి.

ఇందులో విచిత్రమేమిటంటే ఆ బస్తాలే మూతని కాపాడతాయి. లోతుకి దిగేకొద్దీ నీరు మూతని ఇంకా గట్టిగా అదిమి, కింద రబ్బరు రింగుని గాడిలోకి నొక్కిపెడుతుంది. కారే డబ్బాలు చాలావరకు కారేది పైపైనే, నడుంలోతు నీళ్ళలో. అక్కడ అదిమేవాళ్ళు లేరు. పండక్కి చుట్టాలు నిండినప్పుడు ఒద్దికగా ఉండి, అందరూ వెళ్ళాక గొడవపడే దంపతుల్లాంటిది రబ్బరు రింగు.

మొదటి డబ్బాకి రింగు లేదు. కిటికీ అద్దాలు అతికించే సిలికాన్ పూశాడు, పూసినప్పుడు గదంతా వెనిగర్ వాసనేసింది. వారం తిరిగేసరికి లోపలి రాగి తీగలు పచ్చగా చిలుం పట్టాయి. ఆ సిలికాన్ ఆరేటప్పుడు వదిలేది వెనిగర్‌లో ఉండే ఆమ్లమే అని, అది రాగిని తింటుందని అప్పుడు తెలిసింది. బోర్డు పాడవడానికి సముద్రం అక్కర్లేకపోయింది. వాళ్ళమ్మ ఫోనులో, "ఆవకాయ జాడీకి వాసెన కడితే ఏడాది పొడుగునా చుక్క తేమ పోదు, దానికీ ఓ గుడ్డ కట్టకూడదురా?" అంది. ఆవిడ జాడీలో ఏనాడూ బూజు పట్టలేదు. ఆ మాటకి ఇంజినీరింగు చదివిన కొడుకు దగ్గర జవాబు లేదు.

సరైన రింగు కోసం ఆటోనగర్ వెళ్ళాడు.

"ఏ బండికి సార్?"

"బండికి కాదండీ. సముద్రానికి."

"బోటా? ఇంజన్ ఏది?"

"ఇంజన్ లేదు. ఇంత డబ్బా."

కొట్టతను డబ్బాని చూశాడు, మనిషిని చూశాడు. మేకుకి వేలాడే గుత్తిలోంచి ఒక రింగు లాగి గాడిలో పెట్టి, బొటనవేలితో చుట్టూ నొక్కి చూసి, "ట్రాక్టర్‌ది. పట్టేసింది. పది రూపాయలివ్వండి" అన్నాడు. ఆర్నెల్లలో తడుముకోకుండా జరిగిన పని ఇదొక్కటే.

రింగుకి నూనె రాసి, వెలుతుర్లో తిప్పి చూసి, అడ్డంగా వెంట్రుక ఒక్కటి లేకుండా చూసుకుని మూత బిగించాలి. వెంట్రుకే శత్రువు. రింగుకి అడ్డంగా పడిందంటే నీటికి అదే కాలవ. ఇంట్లో ఒక పొడుగు జడా ఒక పిల్లీ ఉన్న మనిషి ఎన్నుకోవాల్సిన వ్యాపకం కాదిది.

పరీక్షకి ప్రతిసారీ సముద్రం దాకా పోనక్కర్లేదు. నీళ్ళ ఫిల్టరుకి ఉండే నీలం గొట్టంలో డబ్బా పెట్టి, నిండా నీళ్ళు పోసి, నెత్తిన సైకిలు ట్యూబు వాల్వు బిగించి పంపు కొడితే వంటగట్టు మీదే సముద్రం తయారు. నీళ్ళు మాత్రం నిండా పోయాలి. ఉత్త గాలి నింపి కొడితే, పగిలినప్పుడు బాంబే. మొదటిరోజు పంపు కొడుతూ తెర మీద అంకెలు చదివాడు. 10 మీటర్లు, 15, 20, 22. ఇంకో నాలుగు దెబ్బలు కొట్టగానే తెర మీద మైనస్ 42 వచ్చింది. యంత్రం లెక్క ప్రకారం వ్యాసకర్త వంటిల్లు సముద్రమట్టానికి 42 మీటర్ల పైన ఆకాశంలో తేలుతోంది.

మూడు రాత్రులు సెన్సరుని తిట్టాడు. తప్పు తనది. ఒత్తిడిని మిల్లీబారులో పదోవంతుల లెక్కన రాసుకోమని చెప్పి, రాసుకోవడానికి ఇచ్చిన గడి 32767 దాకానే లెక్కపెట్టగల చిన్న గడి. అది దాటగానే లెక్క చక్రం తిరిగి మైనస్ 32768 దగ్గర తేలుతుంది. 32767 అంటే సరిగ్గా 22న్నర మీటర్ల లోతు. కారు మీటరు నిండి మళ్ళీ సున్నాకొచ్చినట్టు. ప్రోగ్రాములో ఒక్క పదం మారిస్తే పోయింది. ఆ మూడు రాత్రుల తిట్లు మాత్రం సెన్సరుకి అలాగే ఉండిపోయాయి.

ఇలాంటప్పుడు పెద్దవాళ్ళని చూస్తే కడుపు మండుతుంది. సముద్రం కనుచూపు మేరలో లేని హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, 1999 నుంచీ. అక్కడికి సమాచారం పంపే ఆర్గో యంత్రాలు చేసేది కూడా వ్యాసకర్త డబ్బా చేసే పనే. కాకపోతే అవి 2000 మీటర్ల లోతుకి దిగి, పదిరోజులకోసారి పైకి తేలి, ఉపగ్రహానికి కబురు చెప్పి మళ్ళీ మునుగుతాయి. ప్రపంచ సముద్రాలన్నిటా కలిపి నాలుగువేల దాకా ఉన్నాయి. వాటిని తెరిచి ఎవరూ చూడరు. అడుగున చుక్క ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఎంత సుఖం! ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా మునిగి తేలిన శాల్తీ. వ్యాసకర్త టికెట్టు కొనుక్కుని దాని గుండ్రటి తలుపుల ముందు నిలబడి ముప్పావుగంట చూశాడు. వెనక స్కూలు పిల్లల వరుస ఆగిపోయింది.

చివరికి ఆ ఆదివారం. పడవ, డైవింగు నేర్పే కుర్రాడు, ఇంకో ఇద్దరు, పడవతాత. తాత లంగరు తాడు వదులుతూ డబ్బా వంక చూశాడు.

"ఏటి బాబూ అది, మందుల డబ్బానా?"

"లోతు కొలుస్తుంది తాతా."

తాత మాట్లాడలేదు. తాడు రెండు చేతులా బారచాపి లాగాడు, మళ్ళీ బారచాపాడు. "ఏడు బారలు" అన్నాడు.

బార అంటే ఆరడుగులు వేసుకున్నా ఏడు బారలు 12.8 మీటర్లు. సాయంత్రం ఇంటికొచ్చి డబ్బాని కంప్యూటరుకి తగిలిస్తే అన్నిటికన్నా లోతైన అంకె 12.4. పోటు వచ్చిందో తీసిందో చూసుకుంటే ఆ నలభై సెంటీమీటర్లు కూడా తాతవే కావచ్చు. ఆర్నెల్ల పని, కాల్చుకున్న ఒక సెన్సరు, చిలుం పట్టిన ఒక బోర్డు, బావమరిది చాకిరీ. అవతల పక్క రెండు చేతులు.

ఆ 12.4కి కాస్త ఇవతల, పంతొమ్మిదో నిమిషంలో, గీతలో ఒక చోటుంది. అక్కడ గీత నిట్టనిలువుగా పైకి లేచింది. 11.4 మీటర్ల నుంచి 5 మీటర్లకి, 20 సెకన్లలో.

ఆ ఇరవై సెకన్ల గురించి వ్యాసకర్త ఎవరికీ చెప్పలేదు. మాస్కులో నీళ్ళు నిండాయి. నేర్చుకున్నదే, పరీక్షలో పాసైందే, తల పైకెత్తి ముక్కుతో ఊదితే పోయేదే. కానీ నీరు మసగ్గా ఉంది, పక్కవాడు కనబడలేదు, ముక్కులోకి ఉప్పు కొట్టింది. అంతే, కాళ్ళు వాటంతటవే తన్నాయి. నిమిషానికి 9 మీటర్లకన్నా వేగంగా పైకి రాకూడదని తరగతిలో చెప్పారు. ఇతను లేచింది 19 మీటర్ల వేగంతో. పైకొచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది. బాయిల్ గారు 1662లోనే చెప్పిన లెక్క ప్రకారం ఆ ఆరున్నర మీటర్లలో దాదాపు ఒకటిన్నర రెట్లు. ఊపిరి బిగబట్టి ఉంటే ఈ వ్యాసం ఇంకెవరో రాయాల్సొచ్చేది. అరిచాడు కాబట్టి గాలి బయటికి పోయింది, అదృష్టం. 5 మీటర్ల దగ్గర కుర్రాడు కాలు పట్టుకుని ఆపి, కళ్ళలోకి చూసి, సరేనా అని వేళ్ళతో అడిగాడు. సరేనన్నాడు. పడవెక్కాక ఆ మాటే ఎత్తలేదు. "తాబేలు కనబడుతుందేమోనని చూశాను" అని మిగతా ఇద్దరితో నవ్వుతూ చెప్పాడు. ఇంట్లో అది కూడా చెప్పలేదు. చెప్పకపోతే జరగనట్టే అని ఓ పక్క అనుకున్నాడు కూడా. వయసు నలభై ఏడు, ఇద్దరు పిల్లలు, పెద్దది పదో తరగతి. ఆ ఇరవై సెకన్లలో వాళ్ళెవరూ గుర్తు రాలేదు. పైకి, పైకి అని తప్ప తలలో ఏమీ లేదు. ఆ సంగతి ఒప్పుకోవడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

డబ్బా మాత్రం రాసుకుంది. సెకనుకోసారి, ఇరవై అంకెలు.

మిత్రులు గీత పంపమని అడుగుతున్నారు. వ్యాసకర్త కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చుని, చివరికి ఓ పని చేశాడు. ప్రతి అంకెనీ చుట్టుపక్కల అరవై సెకన్ల అంకెలతో కలిపి సగటు తీశాడు. సెన్సరులో చిన్న చిన్న ఊగిసలాటలుంటే నునుపు చేయడానికి అందరూ వాడే పద్ధతే. నిట్టనిలువు గీత కాస్తా సాపు వాలు అయింది. వేగం నిమిషానికి 6.4 మీటర్లు. తరగతిలో చూపించదగ్గ డైవు. దాన్ని పంపాడు. "ఎంత ప్రశాంతంగా వచ్చారు సార్!" అని జవాబులొచ్చాయి. మూడో అంతస్తు కాఫీ కోసం బావమరిదిని నలుగురిలో నిలదీసిన మనిషి ఇతనే.

నిన్న మళ్ళీ వెళ్ళాడు. అదే పడవ, అదే తాత. వ్యాసకర్త డబ్బా తీసి, రింగు వెలుతుర్లోకెత్తి తిప్పి చూసుకుంటున్నాడు. తాత చుట్ట వెలిగించుకుంటూ అడిగాడు.

"ఆ దినం అంత బేగొచ్చేసినారేటి బాబూ?"

"ఎలా తెలుసు?"

"బుడగలు సూస్తానే ఉంటాం కదా. నిదానంగా వొస్తా వొస్తా ఒక్కపాలి కుప్పలాగొచ్చీసినాయి. మా బావమరిదిని లెగమన్నాను, తాడు పట్టుకోమని."

పడవ చివర కూర్చున్న ఆ బావమరిది అవునన్నట్టు తలూపాడు.

"మాస్కులో నీళ్ళొచ్చాయి తాతా. భయమేసింది" అన్నాడు వ్యాసకర్త. పైకి అనడం అదే మొదటిసారి.

"ఏస్తాది" అన్నాడు తాత. కాసేపాగి, "అది కాదు గానీ బాబూ, ఆ దినం పైకొచ్చి తలైనా తుడుసుకోకుండా డబ్బా మూత తీసీసినారు. జుట్టులోంచి నీరు ధారగా అందులోకే కారతంది. సెబుదామనుకున్నాను. మీరు అప్పటికే ఏలెట్టి నాకతన్నారు" అన్నాడు.

తాత లంగరు తాడు అందుకున్నాడు. వ్యాసకర్త తువ్వాలు తీసుకుని ముందుగా తల తుడుచుకున్నాడు, ఇంకా నీళ్ళలోకి దిగనే లేదు కదా అని కుర్రాడు నవ్వుతున్నా సరే.